గేటు రాసే హాజరు పట్టీ

ప్రతి సోమవారం పొద్దున పది గంటలకు నాకో మెయిల్ వస్తుంది. పంపేది మనిషి కాదు, ఏదో సిస్టమ్. లోపల ఒక ఎక్సెల్ షీటు. మా టీమ్‌లో ఉన్న పదకొండు మంది పేర్లు ఒకదాని కింద ఒకటి, ప్రతి పేరుకూ ఎదురుగా ఐదు గడులు. ఆఫీసు గేటు దగ్గర కార్డు స్వైప్ చేసిన రోజు గడిలో టిక్కు ఉంటుంది, చెయ్యని రోజు ఖాళీ. ఆఖరున ఒక రంగు గడి. వారంలో మూడు రోజులు వచ్చినవాళ్లకి ఆకుపచ్చ, రెండు రోజులైతే పసుపు, అంతకన్నా తక్కువైతే ఎరుపు. ఎరుపొచ్చిన ప్రతి పేరుకూ బుధవారం సాయంత్రం లోపల నేను కారణం నింపి పంపాలి.

నింపడమంటే రాయడం కాదు, ఎంచుకోవడం. డ్రాప్‌డౌన్‌లో ఐదు ఉంటాయి: సెలవు, అనారోగ్యం, క్లయింట్ ఆఫీసులో పని, ట్రైనింగ్, ఇతర కారణాలు.

కిందటేడాది ఒక వారం మా టీమ్‌లో ఒకావిడ పేరు ఎర్రబడింది. ఆ వారం సంగతి నాకు బాగా గుర్తుంది. మంగళవారం రాత్రి పదకొండింటికి మా పేమెంట్ సర్వీసు పడిపోయింది. ఆవిడ ఇంటి నుంచే లాగిన్ అయ్యి, తెల్లారి ఐదింటి దాకా కూర్చుని, లాగులన్నీ, అంటే సిస్టమ్ తనలో జరిగినవి రాసుకునే రికార్డులన్నీ, జల్లెడ పట్టి, ఒక డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరిపోవడం వల్లే ఇదంతా అని పట్టుకుంది. బుధవారం పగలు పడుకుంది. గురువారం, శుక్రవారం రాత్రిళ్లు వేరే దేశంలో ఉన్న టీమ్‌తో కాల్స్, అందుకని పగలు ఆఫీసుకి రాలేదు. మొత్తానికి ఆ వారం ఆవిడ గేటు దాటింది సోమవారం ఒక్కరోజే. ఆ వారం మా పదకొండు మందిలో ఎక్కువ కష్టపడింది ఎవరని అడిగితే ఎవరైనా ఆవిడ పేరే చెబుతారు. షీటు కూడా ఆవిడ పేరే ఎత్తి చూపించింది, ఎర్ర రంగు వేసి.

డ్రాప్‌డౌన్‌లో "పని చేస్తూ ఉంది" అనే కారణం లేదు. ఇతర కారణాలు ఎంచుకున్నాను. ఆధారం అటాచ్ చెయ్యమంది. ఆ రాత్రి జరిగినదానికి మేం రాసుకున్న ఇన్సిడెంట్ రిపోర్టు పెట్టాను. రెండు రోజులకి తిరిగొచ్చింది, అది చెల్లదట. మెడికల్ సర్టిఫికెట్ గానీ ప్రయాణం టికెట్టు గానీ కావాలట. ఆవిడకి సంగతి చెప్పక తప్పలేదు. విని కాసేపు ఊరుకుని, "ఆ వారం నేనేం చేశానో మీకు తెలుసు కదండీ. మరి ఈ కారణం మనం ఎవరికి చెబుతున్నాం?" అంది.

నా దగ్గర జవాబు లేదు. అప్పట్నుంచీ ఆ ప్రశ్న నాలో నలుగుతూనే ఉంది. ఇదంతా రాయడం అందుకే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆఫీసులన్నీ మూసేసి అందరూ ఇళ్లలోనే కూర్చోవాలనే రకం కాదు నేను. నాకు ఆఫీసంటే ఇష్టమే. కొత్తగా చేరిన పిల్లలు పక్క సీట్లో కూర్చుంటే మూడు నెలల్లో నేర్చుకునేది, వీడియో కాల్‌లో ఏడాదైనా నేర్చుకోలేకపోవడం కళ్లారా చూశాను. రమ్మనడం మీద నాకు పేచీ లేదు. వచ్చారా లేదా అన్న ఒక్క ముక్కని గేటు నోటి నుంచి విని, దాన్నే పని అనుకోవడం మీదే పేచీ.

హాజరు లెక్క కొత్తదేమీ కాదులెండి. 1700 ప్రాంతంలో ఇంగ్లండులో ఆంబ్రోస్ క్రౌలీ అనే ఆయనకి పెద్ద ఇనుప కర్మాగారం ఉండేది. పనివాళ్ల కోసం ఆయన రాయించిన నిబంధనలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు అని నిమిషాలతో సహా రాయడానికి ఒక మనిషి. గడియారాన్ని ఎవరూ ముందుకీ వెనక్కీ తిప్పకుండా తాళం వేసి ఉంచాలి. రోజు మొత్తంలో సారాయి కొట్లో గడిపిన సమయం, కాఫీ హౌసులో గడిపిన సమయం, నిద్ర, పొగ తాగడం, పాటలు పాడటం, పోట్లాడుకోవడం, ఇవన్నీ తీసేసి మిగిలినదే పని గంటలు. కాఫీ హౌసు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

తర్వాత దాదాపు రెండు వందల ఏళ్లకి, 1890లో, అమెరికాలో విల్లార్డ్ బండీ అనే నగల వ్యాపారికి హాజరు గడియారం మీద పేటెంటు వచ్చింది. ఒక్కో కార్మికుడికీ నంబరు వేసిన ఒక తాళంచెవి. అది యంత్రంలో పెట్టి తిప్పితే టైమూ నంబరూ కాగితం మీద అచ్చవుతాయి. రాసే మనిషి అక్కర్లేకపోయింది. ఆ బండీ కంపెనీ వేరే కంపెనీల్లో కలిసి, అవి ఇంకొన్నిట్లో కలిసి, ఆఖరికి 1924లో ఐబీఎం అన్న పేరు పెట్టుకుంది. అదే ఐబీఎం 2024 జనవరిలో అమెరికాలోని తన మేనేజర్లకి, వారానికి కనీసం మూడు రోజులు ఆఫీసుకో క్లయింట్ దగ్గరికో వెళ్లండి, లేదా ఉద్యోగం వదులుకోండి అని చెప్పింది. వెళ్లారో లేదో చూడటానికి బ్యాడ్జి లెక్కలు. వంద ఏళ్లు తిరిగి మళ్లీ తాళంచెవి దగ్గరికే వచ్చిందన్నమాట.

కర్మాగారంలో ఆ లెక్కకి ఒక అర్థముంది. కొలిమి అక్కడుంది, సుత్తి అక్కడుంది, మనిషి అక్కడ లేకపోతే పని జరగదు. ఆస్పత్రిలో నర్సుకీ, విమానాశ్రయంలో సెక్యూరిటీ వాళ్లకీ ఇప్పటికీ అంతే. నా లాంటి వాళ్ల కొలిమి మాత్రం బ్యాగులో పట్టే ల్యాప్‌టాప్. అది ఎక్కడుంటే పని అక్కడుంటుంది. ఈ తేడా కంపెనీలకి తెలియక కాదు. 2020లో లాక్‌డౌన్ పడగానే రాత్రికి రాత్రి అందరినీ ఇళ్లకి పంపి, పని ఆగలేదని పైవాళ్లంతా మెచ్చుకుంటూ మెయిల్స్ పంపారు. నా ఇన్‌బాక్సులో అవి ఇంకా ఉన్నాయి.

అసలు గేటు దగ్గర ఆ కార్డు రీడర్ పెట్టింది హాజరు కోసం కాదు. బయటివాళ్లు లోపలికి రాకుండా పెట్టారు. నిప్పంటుకుంటే లోపల ఎంతమంది ఉన్నారో తెలియాలని పెట్టారు. తలుపుకి తెలియాల్సింది ఒక్కటే, ఈ కార్డుకి తెరవాలా వద్దా. అంతకు మించి దాన్ని ఏమడిగినా తడబడుతుంది. ఆ తడబాటు సర్దలేక మా టీమ్‌లో ప్రతి నెలా తల పట్టుకుంటాం.

ఉదాహరణకి, ముందు నడిచే పెద్దమనిషి తలుపు తెరిచి మర్యాదగా పట్టుకుని నిలబడ్డాడనుకోండి, వెనక నలుగురు థాంక్స్ చెప్పి లోపలికి వెళ్లిపోతారు. షీటు ప్రకారం ఆ నలుగురూ ఆ రోజు రాలేదు. కార్డు ఇంట్లో మర్చిపోయి రిసెప్షన్‌లో తాత్కాలిక పాస్ తీసుకున్నవాళ్లూ రాలేదు. రాత్రి షిఫ్టు వాళ్ల పరిస్థితి ఇంకా విడ్డూరం. మా సపోర్ట్ టీమ్‌లో ఒకబ్బాయి సోమవారం రాత్రి పదింటికి లోపలికెళ్లి మంగళవారం పొద్దున ఏడింటికి బయటికొచ్చాడు. సిస్టమ్‌కి అర్ధరాత్రితో రోజు మారిపోతుంది. దాని లెక్కలో అతను సోమవారం లోపలికెళ్లి బయటికి రాలేదు, మంగళవారం లోపలికే వెళ్లకుండా బయటికొచ్చాడు. రెండు రోజులూ చెల్లలేదు. నెల మొత్తం రాత్రుళ్లు ఆఫీసులోనే గడిపిన మనిషికి హాజరు సున్నా.

సెలవుల లెక్క సరేసరి. జ్వరమొచ్చి నాలుగు రోజులు సిక్ లీవు పెట్టి ఐదో రోజు ఆఫీసుకి వస్తే ఏ రంగు రావాలి? రావాల్సినవి మూడు, వచ్చింది ఒకటి, కాబట్టి ఎరుపు. ఇది తప్పని ఎవరికైనా తెలుస్తుంది, షీటుకి తప్ప. మొదట్లో ఈ పొరపాటుని మా హెచ్‌ఆర్ దృష్టికి తీసుకెళ్లాను. అక్కడున్నాయన, "మాకూ తెలుసండీ, కానీ ఆ టూల్ మా చేతిలో లేదు, వేరే వెండర్‌ది. మాక్కూడా పైనుంచి ఇలాంటి షీటే వస్తుంది" అన్నాడు. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది.

ఈ లెక్కలకి ఇప్పుడు గేటు ఒక్కటే దారి కాదు. ల్యాప్‌టాప్ ఏ వైఫైకి తగులుకుందో, బయటి నుంచి కంపెనీ నెట్‌వర్క్‌లోకి చేర్చే వీపీఎన్‌లోకి ఎక్కడి నుంచి వచ్చిందో, సీటు బుక్ చేసుకుని వాడారో లేదో, అన్నీ కలిపి చూసే సాఫ్ట్‌వేర్లున్నాయి. కంపెనీ వైఫైకి కనెక్ట్ కాగానే మనం ఏ బిల్డింగ్‌లో ఉన్నామో తన టీమ్స్ అనే మీటింగుల యాప్‌లో దానంతటదే మారిపోయే సదుపాయం తెస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2025లో ప్రకటించింది. మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుంది, కావాలంటే ఆన్ చేసుకోవచ్చు అంటున్నారు. ఆ కావాలనుకునేది ఉద్యోగేనా అన్నది నా అనుమానం.

ఇక కాఫీ సంగతి. ఆఫీసుకి వచ్చి కార్డు గీకి, ఒక కాఫీ తాగి, నలుగురికి కనబడి, చల్లగా ఇంటికెళ్లిపోవడాన్ని కాఫీ బ్యాడ్జింగ్ అంటున్నారు. ఔల్ ల్యాబ్స్ అనే సంస్థ 2023లో అమెరికాలో చేసిన సర్వేలో కొన్ని రోజులు ఆఫీసులో, కొన్ని రోజులు ఇంట్లో పనిచేసే హైబ్రిడ్ ఉద్యోగుల్లో 58 శాతం మంది తాము ఈ పని చేస్తున్నామని ఒప్పుకున్నారు. దొంగతనం ఒప్పుకున్నంత సిగ్గు కూడా పడలేదు, ఎందుకంటే కంపెనీ అడిగింది స్వైప్, వాళ్లిచ్చింది స్వైప్. కంపెనీలు ఊరుకుంటాయా? అమెజాన్‌లో కొన్ని టీములకి కనీసం రెండు గంటలు, ఇంకొన్నిటికి ఆరు గంటలు లోపలుంటేనే ఆ రోజు లెక్కలోకి వస్తుందని చెప్పినట్టు 2024 జూలైలో వార్తలొచ్చాయి. కాఫీ హౌసు టైము కోసెయ్యమన్న క్రౌలీ గారు ఉంటే సంతోషించేవారు.

మా దగ్గర కూడా అదే జరిగింది. లోపలికీ బయటికీ మధ్య ఐదు గంటలు ఉండాలని రూలొచ్చింది. రూలొచ్చిన రెండో వారంలో ఒక రోజు నాకు విపరీతమైన తలనొప్పి. మూడింటికల్లా మీటింగులన్నీ అయిపోయాయి. ఇంటికెళ్లి పడుకుని, రాత్రి మిగతా పని చూసుకుందామని కింది ఫ్లోరుకి దిగాను. గేటు దాకా వచ్చాక టైము చూసుకుంటే లోపలికొచ్చి ఐదు గంటలు నిండడానికి ఇంకా ఇరవై రెండు నిమిషాలు తక్కువ. గేటు పక్కన సోఫాలున్నాయి. అక్కడ అప్పటికే నలుగురు కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు, బ్యాగులు ఒళ్లో పెట్టుకుని. నేనూ కూర్చున్నాను. పక్కనాయన తలెత్తకుండానే, "మీకింకా ఎంతుంది?" అన్నాడు. చెప్పాను. "నాకు ఎనిమిది" అన్నాడు. డాక్టరు గది బయట టోకెన్ పట్టుకుని కూర్చున్నట్టుంది. కాసేపటికి ఒకామె లేచి గేటు దాటి వెళ్లిపోతే మిగిలినవాళ్లం ఆమె వంక అసూయగా చూశాం.

ఆ ఇరవై రెండు నిమిషాలూ నేను కంపెనీకి ఏ ఉపకారమూ చెయ్యలేదు. రంగు మాత్రం ఆకుపచ్చే వచ్చింది. పదిహేడేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. పనిలో మోసం చేశానన్న ఫీలింగు కలిగింది ఆ ఒక్క సాయంత్రమే, అదీ రూలు పాటించినందుకు.

పెద్ద కంపెనీల సంగతులు టకటకా చెప్పేస్తాను, పేపర్లో చదివే ఉంటారు. 2023 జూన్‌లో గూగుల్, మూడు రోజుల హాజరుని పనితీరు సమీక్షల్లో కూడా చూస్తామంది. 2024లో డెల్, ఒక్కో ఉద్యోగికీ హాజరుని బట్టి నీలం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులిచ్చింది. అప్పట్లో మూడు నెలలకి సుమారు 39 రోజులు రావాల్సి ఉండేది. పూర్తిగా ఇంటి నుంచే చేస్తామంటే చెయ్యొచ్చు కానీ ప్రమోషన్లుండవు అని కూడా చెప్పింది. అలా చెప్పినా అమెరికాలోని ఆ కంపెనీ ఫుల్‌టైమ్ ఉద్యోగుల్లో దాదాపు సగం మంది ఇల్లే కోరుకున్నారని తర్వాత బయటపడింది. అదే ఏడాది టీసీఎస్ హాజరుని, పనితీరుని బట్టి ఇచ్చే వేరియబుల్ పేతో ముడిపెట్టిందనీ, 60 శాతం లోపు హాజరుంటే ఆ మూడు నెలలకి ఆ డబ్బు రాదనీ వార్తలొచ్చాయి. బ్రిటన్‌లో ఆడిట్ సంస్థ పీడబ్ల్యూసీ 2025 జనవరి నుంచి ఉద్యోగులు ఎక్కణ్నుంచి పని చేస్తున్నారో చూస్తామని ముందుగానే ప్రకటించింది. వీటిల్లో నాకు కాస్త నయమనిపించింది ఆఖరిదే. కనీసం చూస్తున్నామని మొహం మీద చెప్పారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఆఫీసుకి రావడం వల్ల లాభముందని నేనే అన్నాను కదా. ఆ లాభం ఎక్కణ్నుంచి వస్తుంది? బిల్డింగ్ నుంచి రాదు, పక్క మనిషి నుంచి వస్తుంది. ఒక పెద్ద అమెరికన్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల మీద ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనంలో, తన టీమ్‌తో ఒకే బిల్డింగ్‌లో కూర్చున్నవాళ్లకి తాము రాసిన కోడ్ మీద ఎక్కువ సలహాలు అందాయని తేలింది. ఎక్కువ మేలు జరిగింది కొత్తవాళ్లకే. ఆ నేర్పడానికి సీనియర్ల సొంత పని కొంత తగ్గిందని కూడా తేలింది. నా అనుభవం సరిగ్గా ఇదే.

మా షీటు అప్పట్లో ఎలా ఉండేదో చూడండి మరి. మా టీమ్‌లో అందరికన్నా సీనియర్ సోమ, మంగళ, గురువారాలు వచ్చేవాడు. కొత్తగా చేరిన కుర్రాడు బుధ, శుక్రవారాలూ ఇంకో రోజూ వచ్చేవాడు, అతని ఇంటి వీలు అలాంటిది. ఆ ఇంకో రోజు ఒక్కోసారి గురువారం అయ్యేది, ఒక్కోసారి సోమవారం. ఇద్దరూ కలిసేది మహా అయితే వారానికొకసారి, అదీ మీటింగుల మధ్యలో. కాగితం మీద ఇద్దరూ పచ్చగా మెరిసిపోయేవారు. కుర్రాడు బుధవారం పొద్దున ఆఫీసుకొచ్చి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఇంట్లో ఉన్న సీనియర్‌తో వీడియో కాల్‌లో మాట్లాడేవాడు. అదే మాట ఇంటి నుంచి మాట్లాడితే అతనికి పసుపు. దేని కోసం రమ్మన్నారో అది జరగలేదు, రావడం మాత్రం జరిగింది.

నేను ఈ మాట అంటే మా పై మేనేజర్, "ముందు అందరూ రావడం అలవాటు చేసుకోనీ, తర్వాత కలుస్తారు" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ఆయనకి వచ్చే షీటులో మనుషుల పేర్లు కూడా ఉండవు, నా పేరు ఎదురుగా ఒక శాతం ఉంటుంది, అంతే. ఆ శాతం పెరిగితే ఆయనకి నిద్ర పడుతుంది.

లెక్కలే కావాలంటే మంచి లెక్కలు ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్‌కి చెందిన నికొలస్ బ్లూమ్, ఇంకొందరు కలిసి ట్రిప్ డాట్‌కామ్ అనే చైనా కంపెనీలో 1,612 మంది మీద ఆరు నెలలు ఒక ప్రయోగం చేశారు. సగం మంది ఐదు రోజులూ ఆఫీసుకి, సగం మంది బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి. 2024లో నేచర్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం రెండు గుంపుల పనితీరు రేటింగుల్లో గానీ ప్రమోషన్లలో గానీ తేడా లేదు. రెండు రోజులు ఇంటి నుంచి చేసినవాళ్లలో ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు. ప్రయోగానికి ముందు దీనివల్ల పని దెబ్బతింటుందనుకున్న మేనేజర్లు, అయిపోయాక మనసు మార్చుకున్నారు. దీన్ని ఐదు రోజులు రమ్మనేవాళ్ల మీదకి విసరొచ్చు కానీ మా కంపెనీ మీదకి విసరలేను. మాదీ మూడు రోజుల పాలసీయే మరి. కాకపోతే ఒక చిన్న సంగతి గమనించండి. అక్కడ ఇంటి నుంచి చేసేవాళ్లందరికీ ఇంటి రోజులు ఒకటే. కాబట్టి ఆఫీసు రోజులూ ఒకటే. వచ్చిన రోజున అందరూ ఉన్నారు.

పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు ఇద్దరు, ఎస్ అండ్ పీ 500 అనే, అమెరికా షేర్ మార్కెట్‌లోని పెద్ద కంపెనీల జాబితాలోని కంపెనీల్లో ఆఫీసుకి రమ్మన్న హుకుములకి ముందూ తర్వాతా ఏం జరిగిందో చూశారు. లాభాలు పెరిగిన దాఖలా లేదు, షేరు విలువ పెరిగిన దాఖలా లేదు. ఉద్యోగుల సంతృప్తి మాత్రం తగ్గింది.

మరి లాభం లేని పని ఎందుకు చేస్తున్నట్టు? పొమ్మనలేక పొగ పెట్టడం అని మనకో మాటుంది. బ్యాంబూ హెచ్‌ఆర్ అనే సంస్థ 2024లో అమెరికాలో చేసిన సర్వేలో, వైస్ ప్రెసిడెంట్లు, ఆ పై స్థాయి వాళ్లలో పావు వంతు మంది, ఆఫీసుకి రమ్మంటే కొందరు వాళ్లంతట వాళ్లే మానేస్తారని ఆశపడ్డామని చెప్పారు. 2024 నవంబరులో, ప్రభుత్వ ఖర్చు తగ్గించే పని ట్రంప్ అప్పగించిన ఈలాన్ మస్క్, వివేక్ రామస్వామి అయితే పత్రికలో వ్యాసమే రాశారు, అమెరికా ప్రభుత్వోద్యోగులని వారానికి ఐదు రోజులు రమ్మంటే చాలామంది రాజీనామాలు చేస్తారు, దాన్ని మేం స్వాగతిస్తాం అని. ఒక రకంగా ఆ నిజాయితీకి దణ్ణం పెట్టాలి. మిగతావాళ్లు అదే పొగ పెట్టి, దానికి "కల్చర్" అని పేరు పెడుతున్నారు. మనుషుల్ని తగ్గించుకోవాలంటే తగ్గించుకోండి, దానికి నోటీసు, పరిహారం, పద్ధతి అనేవి ఉన్నాయి. షీటు రంగులతో ఆ పని చేయించడమెందుకు? పైగా పొగకి ముందు లేచి వెళ్లేది వేరే చోట ఉద్యోగం దొరికే సమర్థులు. లేదా ఇంట్లో ముసలివాళ్లనో, చిన్నపిల్లల్నో, తమ జబ్బునో చూసుకోవాల్సినవాళ్లు.

ఆ రెండో రకం మనిషి విషయంలో నేనొక తప్పు చేశాను. చెప్పుకోవాలని లేదు కానీ చెప్పకపోతే ఈ వ్యాసం సగమే.

మా టీమ్‌లో ఒకతని పేరు వరసగా నాలుగు వారాలు ఎర్రగా వచ్చింది. పిలిచి అడిగాను. మెట్ల దగ్గర నిలబడి మెల్లిగా చెప్పాడు. వాళ్ల నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్, తీసుకెళ్లడానికి ఇంకెవరూ లేరు. ఎవరికీ చెప్పొద్దని అనలేదు, నేను చెబుతానని అతనికి తోచి ఉండదు. ఆ బుధవారం డ్రాప్‌డౌన్‌లో ఇతర కారణాలు ఎంచుకుని, కింద కామెంట్ బాక్సులో, అతనికి మేలు చేద్దామనే ఉద్దేశంతో, ఉన్నది ఉన్నట్టు టైప్ చేశాను. తండ్రి, జబ్బు, వారానికి ఎన్నిసార్లు, అన్నీ. ఆ వారం మినహాయింపు వెంటనే వచ్చింది. నేను సంతోషించాను.

రెండు నెలల తర్వాత అతనే నా దగ్గరికొచ్చాడు. హెచ్‌ఆర్ నుంచి ఎవరో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చేసిందట. "మీ ఫాదర్ కండిషన్ ఇంకా ఎన్నాళ్లు ఉండొచ్చు సర్?" అని అడిగిందట, చాలా మర్యాదగా. ఫారంలో "అంచనా ముగింపు తేదీ" అనే గడి ఖాళీగా ఉందట. డయాలసిస్ అంటే ఏమిటో తెలిసినవాళ్లకి ఆ ప్రశ్నకి అర్థమేమిటో చెప్పక్కర్లేదు. అతను నా మీద కోప్పడలేదు. "మీకు చెప్పానండీ, కంపెనీకి చెప్పలేదు" అన్నాడు. అంతే. ఆ తర్వాత నాకు ఏదీ చెప్పడం మానేశాడు.

జర్మనీలో హెచ్ అండ్ ఎమ్ అనే బట్టల కంపెనీ మీద 2020లో పడిన జరిమానా గురించి తర్వాత చదివాను, 3.53 కోట్ల యూరోలు. న్యూరెంబర్గ్‌లో ఉన్న వాళ్ల సర్వీస్ సెంటర్‌లో, సెలవు నుంచి తిరిగొచ్చిన ఉద్యోగులతో మేనేజర్లు పలకరింపుగా మాట్లాడి, వాళ్లు చెప్పిన జబ్బులూ ఇంటి సంగతులూ నోట్ చేసి సర్వర్లో దాచారు. అవి యాభై మంది దాకా మేనేజర్లకి కనబడేవి. 2019లో ఏదో సెట్టింగు పొరపాటు వల్ల కొన్ని గంటలపాటు కంపెనీ అందరికీ కనబడటంతో బయటపడింది. చదువుతూ ఎంత దుర్మార్గం అనుకున్నాను. ఆ వెంటనే నా కామెంట్ బాక్సు గుర్తొచ్చింది. అక్కడి మేనేజర్లలో కూడా సగం మంది మేలు చేద్దామనే రాసుంటారు.

తిలాపాపం తలా పిడికెడు అంటారే, ఈ వ్యవస్థ నడిచేది అలాగే. గేటు తన మానాన తను టైము రాస్తుంది. వెండరు రంగు వేస్తాడు. హెచ్‌ఆర్ ఫార్వర్డ్ చేస్తుంది. నేను కారణం నింపుతాను. ఎవరినడిగినా నిర్ణయం మాది కాదంటారు. మనిషి పని చేస్తున్నాడా లేదా అన్నది నాకు తెలియాలి, తెలుసు కూడా, జీతం తీసుకునేది అందుకే. అది అడగడం మానేసి, నాకు సంబంధం లేని ఇంటి గుట్లు నా చేత అడిగించి రాయిస్తున్నారు.

చట్టం కొంత వరకు అడ్డుపడుతుంది, అన్ని చోట్లా కాదు. 2024 ఫిబ్రవరిలో బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం, సెర్కో లీజర్ అనే కంపెనీని 38 చోట్ల రెండు వేల మందికి పైగా ఉద్యోగుల మొహాలూ వేలిముద్రలూ స్కాన్ చేసి హాజరు వేసుకోవడం ఆపెయ్యమంది. మొహం దాకా ఎందుకు, కార్డులున్నాయి కదా అన్నది వాళ్ల వాదనల్లో ఒకటి. మంచి తీర్పే. కార్డు మీద ఇంత రాస్తున్న నేను కూడా, మొహంతో పోలిస్తే కార్డే నయమని ఒప్పుకోక తప్పదు.

నేను అడిగేవి పెద్ద కోరికలేం కాదు. నా గురించి గేటు ఏం రాసిందో ముందు నాకు చూపించండి, తప్పుంటే దిద్దుకుంటాను. మేనేజర్‌కి రంగు వెళ్లేలోపు ఉద్యోగికి వెళ్లాలి. ఎన్నాళ్లు దాస్తారో చెప్పండి. కారణాల పెట్టెలో ఇంటి సంగతులు రాయించకండి, "మేనేజర్‌కి తెలుసు" అన్న ఒక్క ఆప్షన్ పెట్టండి, ఆ మాటకి నేను జవాబుదారీ. అబద్ధం చెబితే నన్ను పట్టుకోండి. ఏ రోజు రావాలో టీముకి వదిలెయ్యండి, వచ్చిన రోజు అందరూ ఉండాలన్నదే షరతు.

ఈ ఆఖరిది మేం అనుమతి లేకుండానే మొదలుపెట్టాం. ఆరు నెలలుగా మా పదకొండు మందీ మంగళవారం, గురువారం తప్పకుండా వస్తారు. డయాలసిస్ రోజులు సోమ, బుధ, శుక్రవారాలు కాబట్టి అతనికీ కుదిరింది, ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు. ఆ రెండు రోజులూ వీడియో మీటింగులు పెట్టుకోం. పొద్దున ఒక పెద్ద టేబుల్ చుట్టూ చేరి, ముందు వారంలో విరిగినవాటి గురించి మాట్లాడుకుంటాం. కొత్త కుర్రాడు సీనియర్ పక్కనే కూర్చుంటాడు. మొన్న పేమెంట్ సర్వీసు మళ్లీ మొరాయిస్తే, ఆవిడ కన్నా ముందే అతను లాగులు తెరిచి సర్టిఫికెట్ గడువు చూశాడు. ఆవిడ కుర్చీ వెనక్కి వాల్చి, "నేర్చేసుకున్నావే" అని నవ్వింది.

రెండు రోజులంటే షీటులో పసుపు. పసుపుకి కారణం అక్కర్లేదు కానీ, వరసగా నాలుగు వారాలు పసుపైతే అయిదో వారం ఎరుపు కింద మారుతుందని ఈమధ్యే తెలిసింది. ఇప్పుడు మా టీమ్ మొత్తం ఎరుపే, నాతో సహా. ప్రతి బుధవారం పదకొండుసార్లు ఇతర కారణాలు నొక్కి, కింద పదకొండుసార్లు ఒకటే వాక్యం పేస్ట్ చేస్తున్నాను: "మంగళవారం, గురువారం అందరం కలిసి పని చేశాం." ఆధారం అటాచ్ చెయ్యమంటుంది. ఆ టేబుల్ ఫోటో పెడుతున్నాను. ఇంతవరకూ తిరిగి రాలేదు, ఆమోదం కూడా రాలేదు.